కెర్నల్, డ్రైవర్ల నిర్వహణ, డాక్యుమెంటేషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) పనిలోకి వచ్చేవాళ్లు, ముఖ్యంగా ఒక డ్రైవర్ (ఒక హార్డ్‌వేర్‌ని నడిపే కోడ్) బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్లు, పదే పదే అడిగే ప్రశ్నలివి. నేను కొన్నేళ్లుగా లినక్స్‌లో ఒక చిన్న సెన్సర్ డ్రైవర్‌ని చూసుకుంటున్నాను. అందుకని ఉదాహరణలు ఎక్కువగా లినక్స్ నుంచే ఉంటాయి. బీఎస్‌డీల (యూనిక్స్ నుంచి వచ్చిన ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌ల) సంగతి చివర్లో వస్తుంది. అన్నీ వరుసగా చదవక్కర్లేదు. కమిట్ (కోడ్ చరిత్రలో నమోదయ్యే ఒక్కో మార్పు) మెసేజ్ గురించిన జవాబు మాత్రం వదిలేయకండి.

డ్రైవర్ పనిచేస్తూనే ఉంది కదా, ఇంకా దాన్ని చూసుకోవడానికి ఏముంటుంది?

డ్రైవర్ మారకపోయినా దాని చుట్టూ ఉన్న కెర్నల్ మారిపోతూ ఉంటుంది. లినక్స్ కొత్త వెర్షన్ తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. మొదటి రెండు వారాలు మెర్జ్ విండో, అంటే కొత్త కోడ్‌ని లోపలికి తీసుకునే సమయం. ఆ తర్వాత వారానికొక ఆర్‌సీ (పరీక్ష కోసం ఇచ్చే ముందస్తు వెర్షన్), వాటిలో దిద్దుబాట్లే ఉండాలి. ఒక్కో వెర్షన్‌లో పది వేలకు పైగా కమిట్లు చేరుతాయి. వాటిలో ఏదో ఒకటి మీ డ్రైవర్ పిలిచే ఫంక్షన్ పేరు మారుస్తుంది, ఇంకొకటి దానికి ఓ ఆర్గ్యుమెంట్ కలుపుతుంది, మరొకటి ఏ లాక్ (ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే తాళం) ఎవరు పట్టుకోవాలన్న నియమాన్నే మార్చేస్తుంది. లోపలి ఇంటర్‌ఫేస్‌లు ఇలాగే ఉంటాయని లినక్స్ ఎవరికీ మాట ఇవ్వలేదు, కావాలనే ఇవ్వలేదు. ఒక ఇంటర్‌ఫేస్ తప్పుగా కట్టామని తెలిశాక దాన్ని ఎల్లకాలం మోయాల్సిన అవసరం ఉండకూడదన్నది ఉద్దేశం.

దీనికి బదులుగా ఒక మంచి ఆచారం ఉంది. ఇంటర్‌ఫేస్ మార్చినవాళ్లే, మెయిన్‌లైన్‌లో (లినక్స్ ప్రధాన సోర్స్‌లో) దాన్ని వాడుకునే డ్రైవర్లన్నిటినీ సరిచేసిపెట్టాలి. కాబట్టి మీ డ్రైవర్ మెయిన్‌లైన్‌లో ఉంటే సగం పని మీ ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. కానీ ఆ మార్పు చేసినవాళ్ల దగ్గర మీ హార్డ్‌వేర్ ఉండదు. కంపైల్ అయిందా లేదా అన్నంతవరకే వాళ్లు చూడగలరు. అది నిజంగా పనిచేస్తోందో లేదో చూడాల్సింది మీరే.

2038 సమస్య దీనికి మంచి ఉదాహరణ. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల సంఖ్య 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని సరిచేయడమంటే కెర్నల్ మధ్యలో ఒక్కచోట మార్చేస్తే అయ్యే పని కాదు. టైమ్‌స్టాంప్ బయటికి ఇచ్చే ప్రతి డ్రైవర్‌నీ, ప్రతి ఫైల్ సిస్టమ్‌నీ వెతికి పట్టుకుని మార్చాలి. ఏళ్ల తరబడి సాగిన ఆ పని 2020లో వచ్చిన 5.6 వెర్షన్‌తో ఒక కొలిక్కి వచ్చింది. వాటిలో ఎన్నో డ్రైవర్లు అప్పటికి "బాగానే పనిచేస్తున్నాయి".

మెయింటెయినర్ (ఒక డ్రైవర్‌నో, భాగాన్నో చూసుకునే మనిషి) రోజూ ఏం చేస్తారు?

చదువుతారు. కోడ్ రాయడం కంటే ఇతరులు పంపిన ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) చదవడం, ప్రశ్నలు అడగడం, తమ బోర్డు మీద పెట్టి చూడడం, బాగున్నవాటిని పై మెయింటెయినర్‌కి అందజేయడం, ఇదే ఎక్కువ. బగ్ రిపోర్టులకి జవాబివ్వడం ఇంకో సగం.

సోర్స్ ట్రీ పై అంచులోనే మెయింటెయినర్స్ అని ఒక ఫైల్ ఉంటుంది. ఏ ఫోల్డర్ ఎవరి చేతిలో ఉంది, ప్యాచ్ ఏ మెయిలింగ్ లిస్టుకి పంపాలి, ప్రస్తుత స్థితి ఏమిటి అన్నీ అందులో ఉంటాయి. ఆ స్థితి అన్న వరస జాగ్రత్తగా చూడండి. సపోర్టెడ్ అంటే ఆ పనికి ఎవరికో జీతం వస్తోంది. మెయింటెయిన్డ్ అంటే జీతం సంగతి ఎలా ఉన్నా చూసుకునేవాళ్లున్నారు. ఆడ్ ఫిక్సెస్ అంటే తీరిక దొరికినప్పుడు చూస్తారు. ఆర్ఫన్ అంటే దిక్కులేనిది. 2019లో ఫ్లాపీ డ్రైవర్‌కి ఆ ముద్ర పడింది, ఎందుకంటే పనిచేసే ఫ్లాపీ డ్రైవ్ దొరకడమే కష్టమైపోయి దాన్ని చూసుకునే ఆయన తప్పుకున్నారు. తర్వాత వేరేవాళ్లు ముందుకొచ్చి దత్తత తీసుకున్నారు. ఆర్ఫన్ అని నిజాయితీగా రాసిపెట్టబట్టే అది బయటివాళ్ల కంట పడింది. చూసుకోలేకపోతున్నా మెయింటెయిన్డ్ అనే ఉంచేస్తే ఎవరూ రారు, రిపోర్టులు మాత్రం వచ్చి పేరుకుపోతాయి.

నా ప్యాచ్ ఎవరికి పంపాలి?

స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో గెట్ మెయింటెయినర్ అని ఒక స్క్రిప్ట్ ఉంటుంది. మీ ప్యాచ్ ఫైల్ దానికి ఇస్తే ఎవరెవరికి పంపాలో అదే చెబుతుంది. పంపే ముందు, రాసే పద్ధతిలో తప్పులు పట్టే చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ కూడా నడపండి. మెయిల్ ప్లెయిన్ టెక్స్ట్‌లో ఉండాలి, అటాచ్‌మెంట్‌గా కాదు, ఎందుకంటే రివ్యూ చేసేవాళ్లు మీ కోడ్ లైన్ల మధ్యలోనే జవాబు రాస్తారు. వారం పది రోజులు ఎవరూ పలకకపోతే మర్యాదగా ఒకసారి గుర్తు చేయండి. మెర్జ్ విండో నడుస్తుంటే అది అయ్యేదాకా ఆగండి.

కమిట్ మెసేజ్‌లో ఏం రాయాలి? ఏం మార్చానో కోడ్‌లోనే కనిపిస్తుంది కదా?

కనిపిస్తుంది. అందుకే అది వదిలేసి, ఎందుకు మార్చారో రాయాలి. నాకు ఈ సంగతి ఎలా తెలిసొచ్చిందో కాస్త వివరంగా చెప్తాను.

ఈ డ్రైవర్ నా చేతికి వచ్చిన కొత్తలో, దాని ప్రోబ్ ఫంక్షన్‌లో (చిప్‌ని గుర్తించి సిద్ధం చేసే చోట), చిప్‌కి పవర్ ఆన్ చేసిన వెంటనే 20 మిల్లీసెకన్లు ఆగమనే లైన్ ఒకటి ఉండేది. పక్కన కామెంట్ ఏమీ లేదు. కోడ్ చరిత్రని దాచే గిట్‌లో బ్లేమ్ కమాండ్ కొట్టి, ఆ లైన్ ఏ కమిట్‌లో వచ్చిందో చూశాను. "డ్రైవర్ మరింత నిలకడగా పనిచేసేలా మార్పులు" అన్న అర్థంలో ఒక్క వాక్యం ఉంది, అంతే. చిప్ కంపెనీ ఇచ్చే డేటాషీట్ తీస్తే పవర్ వచ్చాక 2 మిల్లీసెకన్లు చాలని రాసుంది. నా బోర్డులో ఆ లైన్ తీసేసి పదిసార్లు రీబూట్ చేశాను, ప్రతిసారీ సెన్సర్ చక్కగా పలికింది. ఎవరో అతిజాగ్రత్తకి పెట్టుంటారనుకుని తీసేశాను.

రెండు వెర్షన్ల తర్వాత ఒక మెయిల్ వచ్చింది. రాత్రంతా ఆపేసిన మెషీన్‌ని పొద్దున ఆన్ చేస్తే సెన్సర్ కనిపించడం లేదు, వెంటనే రీబూట్ చేస్తే కనిపిస్తోంది. మూడు శనాదివారాలు దాని వెంటే పడ్డాను. చివరికి తేలిందేమిటంటే, ఆయన బోర్డులో ఉన్నది ఆ చిప్ పాత రివిజన్. అది పూర్తిగా కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు, తన లోపలి మెమరీ నుంచి క్యాలిబ్రేషన్ విలువల్ని రిజిస్టర్లలోకి ఎక్కించుకోవడానికి దాదాపు 15 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ లోపు బస్ (చిప్‌తో మాట్లాడే దారి) మీద పిలిస్తే పలకదు. రీబూట్‌లో చిప్‌కి కరెంటు పోదు కాబట్టి ఏ తేడా తెలియదు. నేను చేసినవన్నీ రీబూట్లే. ప్లగ్ తీసి ఒక్కసారైనా చూడలేదు. ఈ విషయం ఆ రివిజన్‌కి విడిగా ఇచ్చిన ఎర్రాటాలో (చిప్ లోపాల జాబితాలో) ఉంది, డేటాషీట్‌లో లేదు.

ఆ లైన్ రాసిన మనిషికి ఇదంతా తెలుసు. తెలియకుండా 20 అన్న సంఖ్య రాదు. కానీ ఆ తెలిసింది ఆయన దగ్గరే ఉండిపోయింది. లైన్ తిరిగి పెట్టినప్పుడు పైన నాలుగు వరసల కామెంట్ రాశాను: ఏ రివిజన్, ఎర్రాటాలో ఏ అంశం, తక్కువసేపు ఆగితే ఏమవుతుంది, పరీక్షించాలంటే పవర్ పూర్తిగా తీసి చూడాలన్న సంగతి. కమిట్ మెసేజ్‌లో ఆ మెయిల్ కథంతా రాసి, దాని లింకు పెట్టాను. ఏడాది తర్వాత ఇంకొకరు, ఇదే ఆలస్యం తమ బూట్ టైమ్‌కి అడ్డమని, ఆ కామెంట్ చదివి, పాత రివిజన్ అయితేనే ఆగేలా ప్యాచ్ పంపారు. దాన్ని తీసుకోవడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు.

కాబట్టి మెసేజ్‌లో ఇవి ఉండేలా చూడండి: సమస్య ఏమిటి, వాడేవాళ్లకి అది ఎలా కనిపిస్తుంది, కారణం ఏమిటి, ఈ పరిష్కారమే ఎందుకు, ఏ హార్డ్‌వేర్ మీద ఎలా పరీక్షించారు. ఎర్రర్ లాగ్ ఉంటే అవసరమైన లైన్లు పెట్టండి, రేపు అదే ఎర్రర్ వచ్చినవాళ్లు వెతికితే దొరుకుతుంది. ప్యాచ్ రెండోసారి, మూడోసారి పంపుతుంటే, ఏ వెర్షన్‌లో ఏం మారిందో మెసేజ్ తర్వాత వచ్చే మూడు గీతల (---) కింద రాయండి. అది రివ్యూ చేసేవాళ్ల కోసం మాత్రమే, చరిత్రలోకి వెళ్లదు.

సైన్డ్ ఆఫ్ బై అన్న లైన్ దేనికి?

ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, ఈ లైసెన్స్ కింద ఇస్తున్నాను అని మీరు పెట్టే సంతకం అది. లినక్స్‌లో ఈ పద్ధతి 2004లో వచ్చింది. అంతకు ముందు ఏడాది ఎస్‌సీఓ సంస్థ ఐబీఎం మీద వేసిన కేసుతో, కెర్నల్‌లోని ఏ లైన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూపించగలగాలన్న అవసరం అందరికీ తెలిసొచ్చింది. ప్యాచ్ ఏ ఏ చేతులు మారిందో అందరి సంతకాలూ వరుసగా ఉంటాయి. రివ్యూడ్ బై, టెస్టెడ్ బై వేరు. వాళ్లు చెప్పకుండా ఎవరి పేరూ వాటిలో రాయకండి.

పాత వెర్షన్లు వాడేవాళ్లకి నా దిద్దుబాటు ఎలా చేరుతుంది?

స్టేబుల్ వెర్షన్ల ద్వారా, అంటే ఇప్పటికే విడుదలైనవాటికి దిద్దుబాట్లు చేర్చి ఇచ్చేవాటి ద్వారా. ముందు అది మెయిన్‌లైన్‌లోకి వెళ్లాలి, ఆ తర్వాతే స్టేబుల్. ఈ నియమం లేకపోతే పాత వెర్షన్‌లో పోయిన బగ్ కొత్త వెర్షన్‌లో మళ్లీ తలెత్తుతుంది. ప్యాచ్ చిన్నదిగా ఉండాలి, చుట్టుపక్కల లైన్లతో కలిపి వంద దాటకూడదన్నది నియమం. నిజంగా ఎవరినో ఇబ్బంది పెడుతున్న బగ్‌ని సరిచేయాలి. "పనిలో పనిగా కాస్త శుభ్రం చేశాను" అన్నవి విడి ప్యాచ్‌గా పంపండి, అవి స్టేబుల్‌కి పోవు.

మీ కమిట్‌లో ఫిక్సెస్ అన్న ట్యాగ్ పెట్టి, బగ్‌ని తెచ్చిన కమిట్ ఐడీ మొదటి 12 అక్షరాలు, దాని శీర్షిక రాయండి. ఏ పాత వెర్షన్లకి ఈ దిద్దుబాటు అవసరమో స్టేబుల్ చూసుకునేవాళ్లు దాన్ని బట్టే తేల్చుకుంటారు. ఇది కూడా డాక్యుమెంటేషనే. ఆ ఒక్క లైన్ వల్ల బగ్ పుట్టుక, చావు రెండూ చరిత్రలో ముడిపడతాయి.

రిగ్రెషన్ అంటే అంత భయమెందుకు?

నిన్నటి కెర్నల్‌తో పనిచేసిన ప్రోగ్రామ్ ఇవాళ్టి కెర్నల్‌తో పనిచేయకపోతే తప్పు కెర్నల్‌దే. లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మొదటి నుంచీ గట్టిగా పట్టుకున్న నియమం ఇది. లోపలి ఇంటర్‌ఫేస్‌లు ఎంతైనా మార్చుకోవచ్చు, యూజర్‌స్పేస్‌కి (కెర్నల్ బయట నడిచే ప్రోగ్రామ్‌లకి) కనిపించేది మాత్రం మారకూడదు. "ఆ ప్రోగ్రామ్ మా ఇంటర్‌ఫేస్‌ని తప్పుగా వాడింది", "అది ఎక్కడా డాక్యుమెంట్ చేయలేదు" అన్న వాదనలు చెల్లవు. వాడుకలో ఉంటే అది ఒప్పందమే.

సెన్సర్ డ్రైవర్లలో ఇది రోజూ ఎదురయ్యే విషయం. ఇలాంటి సెన్సర్ల కోసం కెర్నల్‌లో ఉన్న హెచ్‌డబ్ల్యూమాన్ విభాగం కింద ఉష్ణోగ్రతని డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఇవ్వాలి. అంటే 42 డిగ్రీలుంటే ఫైల్‌లో 42000 అని కనిపించాలి. వోల్టేజీ మిల్లీవోల్టుల్లో, పవర్ మైక్రోవాట్లలో, ఫ్యాన్ వేగం నిమిషానికి ఎన్ని చుట్లో. ఇవి ముందే రాసిపెట్టి ఉండబట్టే, వేర్వేరు చిప్‌లకి వేర్వేరు మనుషులు రాసిన డ్రైవర్లని ఒకే ప్రోగ్రామ్ చదవగలుగుతోంది. ఆ పేజీ చదవకుండా డిగ్రీల్లో ఇచ్చే డ్రైవర్ ఒకటి లోపలికి వచ్చేసిందనుకోండి. దాన్ని సరిచేస్తే ఇప్పటికే దాన్ని నమ్ముకున్నవాళ్లకి ఇబ్బంది, సరిచేయకపోతే మిగతా అందరికీ ఇబ్బంది. అందుకే కొత్త డ్రైవర్ రివ్యూలో నేను మొదట చూసేది యూనిట్లనే.

కొత్త సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్ (డ్రైవర్ విలువని ఫైల్‌లా చూపించేది) గానీ, ఐఓసీటీఎల్ (ప్రోగ్రామ్ డ్రైవర్‌కి పంపే ప్రత్యేక ఆదేశం) గానీ చేరుస్తుంటే ఏం రాయాలి?

డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో ఏబీఐ (యూజర్‌స్పేస్‌కి కనిపించే ఇంటర్‌ఫేస్‌లు) అని ఒక విభాగం ఉంది, అందులో స్టేబుల్, టెస్టింగ్, ఆబ్సొలీట్, రిమూవ్డ్ అని నాలుగు అరలున్నాయి. కొత్త సిస్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌కి అందులో ఎంట్రీ లేకపోతే చాలామంది మెయింటెయినర్లు ప్యాచ్ తీసుకోరు. ఫైల్ ఎక్కడుంటుంది, ఏ వెర్షన్ నుంచి ఉంది, ఏ యూనిట్లు, ఏ విలువలు రాయొచ్చు, తప్పు విలువ రాస్తే ఏ ఎర్రర్ వస్తుంది ఇవన్నీ అక్కడ రాయాలి. ఒక ఫైల్‌లో ఒకే విలువ అన్న నియమం మర్చిపోకండి.

ఐఓసీటీఎల్ అయితే ఇంకా జాగ్రత్త. 32 బిట్ల ప్రోగ్రామ్ 64 బిట్ల కెర్నల్ మీద నడిచినప్పుడు స్ట్రక్చర్ సైజు మారిపోకూడదు. కాబట్టి సైజు ముందే తెలిసిన టైపులే వాడాలి. ఫీల్డుల మధ్య కంపైలర్ వదిలే ఖాళీల్ని మీరే పేరు పెట్టి నింపండి. లేకపోతే స్టాక్‌లో ఉన్న పాత చెత్త ఆ ఖాళీల గుండా యూజర్‌స్పేస్‌కి కారిపోతుంది. రిజర్వ్ చేసిన ఫీల్డులు సున్నాగా ఉన్నాయో లేదో మొదటి రోజు నుంచే చెక్ చేయండి. చెక్ చేయకపోతే రేపు వాటిని వాడుకోలేరు, ఎవరో ఒకరు అప్పటికే వాటిలో ఏదో పంపుతూ ఉంటారు.

డాక్యుమెంటేషన్ ఎక్కడ, ఏ రూపంలో ఉంటుంది?

కోడ్‌తో పాటే, అదే గిట్ రెపోలో. 2016లో వచ్చిన 4.8 వెర్షన్ నుంచి పాత డాక్‌బుక్ పద్ధతి వదిలి, రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ (రాసే రూపం), స్ఫింక్స్ (దాన్ని పేజీలుగా మార్చే టూల్)లకి మారడం మొదలైంది. మామూలు ఎడిటర్‌లో తెరిచినా చదవగలిగేలా ఉండడం దీని పెద్ద లాభం. ఫంక్షన్ల వివరాలు కోడ్ ఫైల్‌లోనే, ఫంక్షన్ పైన, ఒక స్లాష్ రెండు నక్షత్రాలతో మొదలయ్యే కెర్నల్‌డాక్ కామెంట్‌గా రాస్తారు. పేరు, ఒక వరస వివరణ, ఒక్కో పారామీటర్ గురించి ఒక మాట, ఏం తిరిగి ఇస్తుంది, ఎలాంటి సందర్భంలో పిలవాలి. ఆ చివరిదాన్నే అందరూ వదిలేస్తారు, కావాల్సింది మాత్రం అదే. ఈ ఫంక్షన్ నిద్రపోవచ్చా (మధ్యలో ఆగి ఎదురుచూడొచ్చా)? ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలిస్తే వెంటనే నడిచే కోడ్) నుంచి పిలవొచ్చా? ఇది తెలియకే సగం క్రాష్‌లు.

పారామీటర్ పేరు మార్చి కామెంట్ మార్చకపోతే డాక్యుమెంటేషన్ బిల్డ్‌లో వార్నింగ్ వస్తుంది. ఆ వార్నింగులు తగ్గించడం కొత్తవాళ్లకి చాలా మంచి మొదటి పని. అయితే వార్నింగ్ పోవడానికి "డెవ్: డివైస్" అని రాసి పంపేయకండి. అది ఏ డివైస్, దాని రిఫరెన్స్ ఎవరు పట్టుకుని ఉండాలి అని కోడ్ చదివి తెలుసుకుని రాయండి.

కోడే అసలైన డాక్యుమెంటేషన్ అంటారు కదా?

కోడ్ ఏం చేస్తుందో కోడ్ చెబుతుంది. దేన్ని నమ్ముకుని అలా చేస్తుందో చెప్పదు. డర్టీ పైప్ అని పేరుపడ్డ లోపాన్ని చూడండి. 2016లో, 4.9 వెర్షన్ సమయంలో, పైప్ (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా పంపే దారి) బఫర్లని తయారుచేసే కొత్త కోడ్ వచ్చింది. అందులో ఫ్లాగ్స్ అన్న ఫీల్డ్‌లో ఏ విలువా పెట్టలేదు, పాత విలువ అలాగే మిగిలిపోయేది. అప్పట్లో దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. 2020లో 5.8లో ఇంకో మార్పు వచ్చి, "ఈ బఫర్‌లో ఇంకా రాయొచ్చు" అన్న సమాచారాన్ని అదే ఫ్లాగ్స్‌లో పెట్టింది. ఆ మార్పు తనంతట తాను చూస్తే తప్పులేనిదే. రెండూ కలిసేసరికి, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్‌లోకి మామూలు యూజర్ రాయగలిగే దారి ఏర్పడింది. లాగ్ ఫైళ్లు ఎందుకు పాడవుతున్నాయో వెతుకుతూ వెళ్లిన ఒక డెవలపర్ దీన్ని పట్టుకున్నారు, 2022లో బయటపెట్టారు.

బఫర్ తీసుకున్న ప్రతిచోటా ప్రతి ఫీల్డ్ నింపాలి అన్న మాట ఆ స్ట్రక్చర్ పక్కన ఉండుంటే కచ్చితంగా ఆగేదని నేను చెప్పలేను. కానీ రెండో మార్పు రాసినవాళ్లకీ, రివ్యూ చేసినవాళ్లకీ వెళ్లి చూసుకోవాల్సిన చోటు ఒకటి ఉండేది.

ఇలాంటి నమ్మకాల్ని కామెంట్‌లో రాయడం ఒక పద్ధతి, కోడ్‌లోనే రాయడం ఇంకా మంచి పద్ధతి. "ఈ లాక్ పట్టుకునే ఇక్కడికి రావాలి" అని కామెంట్ రాసే బదులు లాక్‌డెప్ (లాక్‌ల తప్పులు పట్టే కెర్నల్ టూల్) అసర్ట్ పెట్టండి. నియమం తప్పితే టెస్ట్ కెర్నల్ వెంటనే అరుస్తుంది. కామెంట్ పాతబడొచ్చు, నడిచే అసర్ట్ పాతబడదు.

డివైస్ ట్రీ బైండింగ్ డ్రైవర్ డాక్యుమెంటేషనేనా?

కాదు, అది బోర్డు మీది హార్డ్‌వేర్ గురించి కెర్నల్‌కి ఇచ్చే వివరణ. చిప్‌కి ఏ సరఫరాలు కావాలి, ఏ ఇంటరప్ట్ లైన్, ఏ క్లాక్, అంతే. మీ డ్రైవర్‌కి అనుకూలమైన సెట్టింగులు అందులో పెట్టాలని చూస్తే రివ్యూలో ఆగిపోతుంది. అదే వివరణని బూట్‌లోడర్లు, ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లు కూడా వాడుకుంటాయి. ఇప్పుడు వీటిని యామల్ స్కీమాగా రాస్తున్నారు, కాబట్టి బోర్డు ఫైల్‌లో తప్పుంటే టూల్ పట్టేస్తుంది.

డేటాషీట్ ఇవ్వని చిప్‌కి డ్రైవర్ ఎలా చూసుకోవాలి?

కష్టం, కానీ చేసినవాళ్లున్నారు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులకి నూవో డ్రైవర్ చాలావరకు రివర్స్ ఇంజినీరింగ్‌తోనే పెరిగింది. ఇలాంటి డ్రైవర్‌లో డాక్యుమెంటేషన్ పద్ధతి కొంచెం మార్చాలి. తెలిసింది ఎలా తెలిసిందో కూడా రాయాలి. ఈ రిజిస్టర్ విలువ కంపెనీ కాగితంలో ఉందా, పాత డ్రైవర్ బస్ మీద పంపుతుంటే చూసి రాసుకున్నదా, లేక ఊహించి పెట్టి పనిచేసింది కాబట్టి ఉంచేశారా? ఈ మూడింటికీ ఎంతో తేడా ఉంది. మూడోదైతే "దీని అర్థం తెలియదు, ఇది రాయకపోతే డిస్‌ప్లే రావడం లేదు" అని అలాగే రాయండి. తెలియని రిజిస్టర్‌కి అందమైన పేరు పెట్టి తెలిసినట్టు చూపిస్తే తర్వాత వచ్చేవాళ్లు దాన్ని నిజమని నమ్మి దాని మీద ఇంకా కడతారు.

కంపెనీతో రహస్య ఒప్పందం మీద డేటాషీట్ తీసుకుంటే, దాన్ని చూసి రాసిన కోడ్‌ని, కామెంట్లని బయటపెట్టొచ్చని ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

హార్డ్‌వేర్ దగ్గర లేకుండా ప్యాచ్‌లని పరీక్షించొచ్చా?

కొంతవరకు. కంపైల్ టెస్ట్ ఆప్షన్‌తో మీ డ్రైవర్‌ని దానికి సంబంధం లేని ఆర్కిటెక్చర్ మీద కూడా బిల్డ్ చేయొచ్చు. లెక్కలు, మార్పిడులు చేసే భాగాలకి కేయూనిట్ టెస్టులు రాయండి, ఇది 5.5 వెర్షన్ నుంచి కెర్నల్‌లోనే ఉంది. ఐ2సీ (చిన్న చిప్‌లని కలిపే ఒక బస్) చిప్ అయితే ఐ2సీ స్టబ్ మాడ్యూల్‌తో ఒక ఉత్తుత్తి చిప్‌ని నిలబెట్టి రిజిస్టర్లు నింపి చూడొచ్చు. మెమరీ తప్పుల కోసం కేఏసాన్, లాక్‌ల కోసం లాక్‌డెప్ ఆన్ చేసిన కెర్నల్ ఎప్పుడూ పక్కన ఉంచుకోండి. ఇవన్నీ చేసినా, పైన చెప్పిన 15 మిల్లీసెకన్ల లాంటిది నిజమైన చిప్ మీద తప్ప బయటపడదు.

ఎప్పుడు చెడిందో తెలియని బగ్‌ని ఎలా పట్టాలి?

గిట్ బైసెక్ట్. పది వేల కమిట్లున్నా ప్రతిసారీ సగానికి కోస్తూ పోతే పద్నాలుగు బిల్డుల్లో దొరుకుతుంది. ఇది పనిచేయాలంటే మధ్యలోని ప్రతి కమిట్ కంపైల్ అవ్వాలి, బూట్ అవ్వాలి. సిరీస్‌లో మూడో ప్యాచ్ చెడగొట్టింది ఐదో ప్యాచ్ సరిచేస్తే చివరికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, కానీ రేపు బైసెక్ట్ చేసేవాళ్లు మధ్యలో ఇరుక్కుంటారు.

సెక్యూరిటీ బగ్ అయితే?

అందరికీ కనిపించే లిస్టులో పెట్టకుండా, కెర్నల్ సెక్యూరిటీ టీమ్‌కి, ఆ భాగం మెయింటెయినర్‌కి మెయిల్ చేయండి. సీవీఈ నంబర్ (సెక్యూరిటీ లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) గురించి ముందే టెన్షన్ పడక్కర్లేదు. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ ప్రాజెక్టే ఆ నంబర్లు ఇస్తోంది, దిద్దుబాటు స్టేబుల్‌లోకి వచ్చాక అది దానంతటదే జరుగుతుంది.

బీఎస్‌డీలలో డాక్యుమెంటేషన్ ఇంతకంటే బాగుంటుందంటారు, నిజమేనా?

మాన్యువల్ పేజీల విషయంలో నిజమే అని నా అభిప్రాయం. వాటిలో నాలుగో విభాగం డివైస్ డ్రైవర్లది, తొమ్మిదో విభాగం కెర్నల్ లోపలి ఫంక్షన్లది. ఒక్కో డ్రైవర్‌కి ఒక పేజీ: ఏ చిప్‌లు పనిచేస్తాయి, కెర్నల్ కాన్ఫిగ్‌లో ఏం పెట్టాలి, ఏ మెసేజ్ వస్తే ఏం అర్థం, తెలిసిన లోపాలేమిటి. ఓపెన్‌బీఎస్‌డీలో మాన్యువల్‌లో తప్పుంటే దాన్ని కోడ్‌లో తప్పులాగే చూస్తారు. ఆ లోపాల భాగం నాకు ఎంతో నచ్చుతుంది. లినక్స్ డ్రైవర్ రాసేటప్పుడు కూడా నేను అలాంటి ఒక పేరా పెడతాను: ఈ డ్రైవర్ వల్ల ఏం కాదు, ఎందుకు కాదు. అది చదివినవాళ్లు అదే రిపోర్ట్ మళ్లీ పంపరు, కొందరు ఏకంగా ప్యాచే పంపుతారు.

పాత డ్రైవర్‌ని ఎప్పుడు తీసేయాలి?

వాడేవాళ్లు ఒక్కరున్నా, వాళ్లు పరీక్షించడానికి సిద్ధంగా ఉంటే ఉంచొచ్చు. ఎవరూ లేకపోతే తీసేయడమే మేలు, ఎందుకంటే ప్రతి పెద్ద మార్పులోనూ ఎవరో ఒకరు ఆ డ్రైవర్‌ని కూడా సరిచేస్తూ పోవాలి, అది పనిచేస్తుందో లేదో తెలియకుండానే. లినక్స్ పుట్టిందే ఇంటెల్ 386 ప్రాసెసర్ మీద. ఆ ప్రాసెసర్ సపోర్ట్‌ని కూడా 3.8లో తీసేశారు. ఇటానియం ప్రాసెసర్ సపోర్ట్ 6.7లో పోయింది. తీసేసే కమిట్‌లో చివరిసారి ఎవరు అడిగారు, ఎన్నాళ్లు ఎదురుచూశాం, తిరిగి కావాలంటే ఏం చేయాలి అన్నవి రాయండి. గిట్‌లో అంతా ఉంటుంది కాబట్టి మనిషీ, హార్డ్‌వేరూ దొరికితే వెనక్కి తేవచ్చు.

నాకు సీ భాష అంతగా రాదు, ఏమైనా చేయగలనా?

చాలా చేయగలరు. ఒక డ్రైవర్ పేజీ తీసుకుని అందులో ఉన్నది ఉన్నట్టు మీ మెషీన్ మీద చేసి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ డాక్యుమెంటేషన్‌లో లోటుంది. తెలిసినవాళ్ల కళ్లకి ఆ లోటు కనపడదు, కొత్త కళ్లకే కనపడుతుంది. బగ్ రిపోర్టుల్ని మళ్లీ తమ దగ్గర వచ్చేలా చేసి చూసి, ఏ వెర్షన్ నుంచి వస్తోందో చెప్పేవాళ్లు మెయింటెయినర్‌కి కుడిభుజం లాంటివాళ్లు. చైనీస్, జపనీస్, కొరియన్, స్పానిష్, ఇటాలియన్ భాషల్లోకి కెర్నల్ పేజీల్ని అనువదించినవాళ్లు మూలంలోని తప్పులు కూడా ఎన్నో పట్టుకున్నారు, వాక్యం అర్థమైతే తప్ప అనువాదం కుదరదు కదా.

ఇక నావల్ల కావడం లేదు. ఎలా తప్పుకోవాలి?

మౌనంగా మాయమవ్వకండి, అదొక్కటే నా మనవి. ఉద్యోగం మారుతుంది, ఇంట్లో పరిస్థితి మారుతుంది, ఆసక్తి పోతుంది. వీటిలో సిగ్గుపడాల్సింది ఏదీ లేదు. వీలైతే ముందే, ఈ మధ్య మంచి ప్యాచ్‌లు పంపినవాళ్లని రివ్యూయర్‌గా చేరమని అడగండి. మెయింటెయినర్స్ ఫైల్‌లో రివ్యూయర్‌కి విడిగా ఒక వరస ఉంది. ఎవరూ దొరకకపోతే స్థితిని ఆర్ఫన్‌గా మార్చే ప్యాచ్ మీరే పంపండి, మీ పేరు క్రెడిట్స్ ఫైల్‌లోకి మార్చుకోండి. సగంలో ఉన్న పనులు, నమ్మదగని టెస్టులు, ఎవరికీ చెప్పని అనుమానాలు అన్నీ ఒక మెయిల్‌లో రాసి లిస్టుకి పంపండి, అది ఆర్కైవ్‌లో ఉంటుంది.

హార్డ్‌వేర్‌ని కూడా అప్పగించండి. నా దగ్గర రెండు బోర్డులున్నాయి, పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పాత రివిజన్ చిప్ ఉన్నదాని మీద స్టిక్కర్ అంటించి, "ప్లగ్ తీసి పరీక్షించండి" అని రాసిపెట్టాను. డ్రైవర్ ఎవరు తీసుకుంటే ఆ బోర్డు వాళ్లకి పంపిస్తాను.